తీరిక వేళ: కొండ కడుపులో రైలు

గత కొన్ని సంచికలుగా ఈ శీర్షికలో నమూనా రైళ్ళను గురించి ముచ్చటించుకుంటున్నాము. చదివిన మిత్రులు కలిసినప్పుడు వేసే ప్రశ్న మాత్రం దాదాపు ఒక్కటే. "క్వార్టర్సులో మంచాలు, బీరువాలు పోగా మిగిలే చోటెంత? అందులో రైలు ఎక్కడ నడపగలము?" ప్రశ్న సమంజసమైనదే. లెక్క వేసి చూతము. ఐ.సి.ఎఫ్. పెట్టె ఒక బఫరు నుంచి మరొక బఫరు వరకు 22 మీటర్లు దాటుతుంది. 1:87 నిష్పత్తికి దించితే 25 సెంటీమీటర్ల పైచిలుకు. పదహారు పెట్టెల బండి, ఇంజను కాక, 4 మీటర్లు. దానికి స్టేషను, రెండు చివరల మలుపులు అంటే కల్యాణమండపం అద్దెకు తీసుకొనవలసినదే. పుదుచ్చేరిలో, నెల్లితోపులో నేను ఉంటున్న మేడగది అంత పొడవు లేదు. (తమిళంలో నెల్లి అంటే ఉసిరి, తోపు మన తోపే. ఇప్పుడు ఉసిరిచెట్లకూ చోటు లేదు, రైళ్ళకూ చోటు లేదు.)

కనుక మనము చేయవలసినది పెద్ద స్టేషనును కుదించటం కాదు, నిజజీవితంలోనే చిన్నదిగా ఉన్న రైల్వేను ఎన్నుకొనటం. చిన్న నమూనాలో అన్నిటికంటే ఇబ్బందిపెట్టే సమస్య మరొకటి ఉన్నది. బండి ఎక్కడి నుంచి వస్తున్నది, ఎక్కడికి పోతున్నది? బల్ల అంచుతో ప్రపంచం ఆగిపోతే చూసేవాడికి నమ్మకం కుదరదు. ఈ రెండింటికీ కలిపి ఒకే జవాబుగా నాకు దొరికినది భూగర్భ సైనిక డిపో. అక్కడి బండి అంటే ఒక చిన్న ఇంజను, నాలుగైదు వ్యాగన్లు. వేగం మనిషి నడకంత. బండి కొండలోని రంధ్రంలోనికి పోతుంది, రంధ్రంలో నుంచి వస్తుంది. రంధ్రం వెనుక ఏమున్నదో చూపకపోయినా ఎవరూ తప్పుపట్టరు, ఎందుకంటే నిజమైన డిపో కూడా చూపదు.

ఇక్కడ ఒక హెచ్చరిక. విశాఖపట్నంలో పనిచేసిన మిత్రులకు ఎన్.ఏ.డి. కొత్తరోడ్డు కూడలి సుపరిచితం. ఆ మూడక్షరాలు నేవల్ ఆర్మమెంట్ డిపోకు సంక్షిప్తమని ఆ దారిన రోజూ పోయేవారిలో ఎందరికి స్ఫురిస్తుందో చెప్పలేను. పని చేస్తున్న అటువంటి డిపోకు నమూనా కట్టే ఆలోచన ఎవరూ చేయరాదు. 1923 నాటి అధికార రహస్యాల చట్టం మూడవ సెక్షనులో, శత్రువుకు ఉపకరించే స్కెచ్చి, ప్లాను, నోటు అన్న మాటల నడుమ 'మోడల్' అన్న మాట కూడా ఉన్నది. చట్టం వ్రాసినవారు మన అభిరుచిని మనసులో పెట్టుకొని వ్రాసి ఉండరు గాని, మాట మాటే. విశాఖలోనే సైన్యానికి సంబంధించని భూగర్భ నిల్వ ఒకటున్నది. 13.3 లక్షల టన్నుల ముడిచమురు పట్టేటట్లు రాతిని తొలిచి నిర్మించిన గుహలవి. ఇంజనీరుగా నాకు ఎంతో ఇష్టమైన నిర్మాణం. కాని అక్కడ పంపులు, పైపులే తప్ప రైలు లేదు. మన పనికి రాదు.

కాబట్టి ఏనాడో మూతపడి, వివరాలన్నీ పుస్తకాలకెక్కిన విదేశీ డిపోల వైపు చూడవలసి ఉంటుంది. వీటికి పుట్టినిల్లు బ్రిటన్ అనవచ్చును. 1930ల నాటికి బాంబర్ విమానం భయం ఆ దేశాన్ని పట్టుకొన్నది. మందుగుండును నేలమీద ఉంచితే ఒక్క దాడితో పోతుంది, నేలక్రింద ఉంచితే దక్కుతుంది అన్నది ఆలోచన. విల్ట్‌షైర్‌లో కోర్షామ్ వద్ద పాత రాతిగనులు ఉన్నాయి. వాటి ప్రక్కనే బ్రునెల్ నిర్మించగా 1841లో ప్రారంభమైన బాక్స్ సొరంగం, పొడవు 3 కిలోమీటర్లకు కాస్త తక్కువ. సైన్యం ఆ గనులను తీసుకొని కేంద్ర మందుగుండు డిపోగా మార్చినది. బాక్స్ సొరంగం తూర్పు ముఖం వద్ద రెండు ద్వారాలు కనిపిస్తాయి. పెద్దది ప్రయాణికుల బండ్లకు. దాని ప్రక్కన పిల్లవాని వలె నిలిచిన చిన్నది డిపోకు. వ్యాగన్లు దానిగుండా లోనికి పోయి భూగర్భంలోని ప్లాట్‌ఫారం వద్ద సరుకు దింపేవి. ఒక పెద్ద ద్వారం, దాని ప్రక్కన ఒక చిన్న ద్వారం: నమూనా కట్టేవానికి ఇంతకంటే చక్కని రంగస్థలం దొరకదు.

రెండవది వేల్స్‌లోని ట్రెకూన్. ఇది నౌకాదళానిది. ఒక లోయకు ఇరువైపులా కొండలలోనికి 58 నిల్వగదులు తొలిచి, వాటి మధ్య 762 మిల్లీమీటర్ల, అనగా రెండున్నర అడుగుల, నారోగేజి పట్టాలు పరిచారు. 1992లో మూతపడినది. (మన కొత్తవలస – కిరండూల్ మార్గంలో సొరంగాలు కూడా 58 అని చెబుతారు. కాకతాళీయమే గాని, అరకు బండిలో కూర్చున్నప్పుడల్లా నాకు ట్రెకూన్ గుర్తుకు వస్తుంది.) నేను కట్టినది ఏ ఒక్క డిపోకూ నకలు కాదు. కోర్షామ్ ద్వారాలు, ట్రెకూన్ పట్టాలు కలిపిన ఊహ.

ట్రెకూన్ పట్టాలు ఎన్నుకొనటానికి కారణం శుద్ధ గణితం. 762ను 87తో భాగిస్తే 8.76 వస్తుంది. బజారులో దొరికే ఎన్-గేజి పట్టాల వెడల్పు 9 మిల్లీమీటర్లు. తేడా కంటికి ఆనదు. అదే మన బ్రాడ్‌గేజి 1676ను భాగిస్తే 19.26 వస్తుంది, దొరికే పట్టాలు 16.5. మన దేశపు బండ్లను హెచ్.ఓ. పట్టాలమీద నడిపేవారందరూ ఈ లోటును చూసీ చూడనట్లు పోవలసినదే. శ్రీకాకుళం జిల్లా మిత్రులకు 762 క్రొత్త కాదు. 1900లో పర్లాకిమిడి రాజావారు నౌపడ నుంచి తమ ఊరికి వేయించిన చిన్న బండి గేజి అదే. ఆ మార్గం ఇప్పుడు బ్రాడ్‌గేజిగా మారిపోయినది గాని, ఆ బండి ఎక్కినవారు 9 మిల్లీమీటర్ల పట్టాలను చూడగానే గుర్తుపట్టగలరు.

ఇక నిర్మాణం. బల్ల పొడవు 120 సెంటీమీటర్లు, వెడల్పు 35. 12 మిల్లీమీటర్ల ప్లైవుడ్, క్రింద అంగుళం పట్టీలతో చట్రం. ఒక చివర 60 సెంటీమీటర్ల చిన్న పలకను బోల్టులతో తగిలించుకోవచ్చును. పెద్ద ద్వారం వెనుక చేతితో బండ్లు మార్చే మరుగుచోటు అదే. పని లేనప్పుడు విప్పి బీరువా మీద పెట్టవచ్చును. పట్టాల అమరిక 'ఇంగిల్‌నుక్' అనే పాత షంటింగ్ పథకం. మూడు సైడింగులు: ఒకటి 5 వ్యాగన్లు పట్టేది, మిగిలిన రెండు మూడేసి వ్యాగన్లు పట్టేవి. వాటిని కలిపే ఎదురు పట్టా మీద ఇంజను, మూడు వ్యాగన్లు మాత్రమే పట్టాలి. కొక్కెంతో కలిపి నా వ్యాగను 6 సెంటీమీటర్లు. కనుక పెద్ద సైడింగు 30, ఎదురు పట్టా 26, రెండు పాయింట్లకు 24. వెరసి 80 సెంటీమీటర్లు. పెద్ద సైడింగు కొండ బయట ప్లాట్‌ఫారం. చిన్నవి రెండూ కొండలోనికి పోతాయి. అక్కడ కొండ ముందుభాగాన్ని నిలువుగా కోసి, అల్మారా తలుపు తీసినట్లు లోపలి గదులు కనిపించేటట్లు చేశాను. మన డ్రాయింగు ఆఫీసు భాషలో చెప్పాలంటే సెక్షన్ వ్యూ.

గదుల కప్పుకు అట్టతో కమానులు చేసి దగ్గర దగ్గరగా నిలిపాను. బొమ్మకు ఇన్ని ఎందుకని అడిగినవారున్నారు. వేల్స్‌లోనే లాన్‌బెరిస్ వద్ద పలకరాతి గనిలో కాంక్రీటు కమానులతో బాంబుల డిపో కట్టి, పైన రాతిముక్కలు కప్పారు. వాడుకలోనికి వచ్చి ఏడాది నిండకముందే, 1942 జనవరి 25న, అందులో మూడింట రెండు వంతులు కూలిపోయినది. ఆ సమయంలో లోపల బాంబుల వ్యాగన్లతో ఒక బండి నిలిచి ఉన్నది. కప్పుమీద బరువును తక్కువగా అంచనా కట్టరాదన్న సంగతి అట్టతో చేసినా గుర్తుండవలసినదే.

కొండకు లోపల థర్మాకోల్, పైన ప్లాస్టర్ ఆఫ్ పారిస్‌లో ముంచిన పాత పంచె పీలికలు. నేలకు వాడిన టీపొడి ఎండబెట్టి ఫెవికాల్‌తో అంటించాను. పచ్చికకు రంగు వేసిన రంపపుపొట్టు. ఇవన్నీ లోగడ వ్రాసినవే కనుక విస్తరించను. ప్లాస్టరును గురించి మాత్రం ఒక మాట. జిప్సం అనే ఖనిజాన్ని సుమారు 150 డిగ్రీల వద్ద వేడి చేస్తే తనలోని నీటిలో నాలుగింట మూడు వంతులు కోల్పోయి పొడి అవుతుంది. అదే ప్లాస్టర్ ఆఫ్ పారిస్. మరల నీరు కలిపితే ఆ నీటిని పట్టుకొని తిరిగి రాయి అవుతుంది. పుదుచ్చేరిలో కార్తీకమాసపు వానలలో ఈ పని పెట్టుకొంటే ఆరటానికి రోజులు పడుతుంది. ఆ ఆరే రోజులలో చేతికంటిన తెల్లటి పొడిని చూసినప్పుడు నాకు ఫాల్డ్ తలపుకు వచ్చినది. దానిని గురించి కొంచెం వివరంగా చెప్పవలసి ఉన్నది.

ఫాల్డ్ ఇంగ్లండులో స్టఫర్డ్‌షైర్‌లోని చిన్న గ్రామం. అక్కడ జిప్సం గని ఉన్నది. అందులో తవ్వకం ముగిసిన భాగాన్ని బ్రిటిష్ వైమానిక దళం బాంబుల నిల్వకు తీసుకొన్నది. 1944 నవంబరు 27 ఉదయం 11 గంటలు దాటిన కొద్ది నిమిషాలకు ఆ డిపోలో ఒక భాగం ప్రేలిపోయినది. ప్రేలిన పదార్థం 3,500 నుంచి 4,000 టన్నులని అంచనా. అణ్వస్త్రాలు కాని ప్రేలుళ్ళలో ప్రపంచంలోనే మిక్కిలి పెద్దవాటిలో ఇది ఒకటి. పైనున్న పొలంలోని ఇల్లు, పశువులు, మనుషులతో సహా మాయమైనవి. అక్కడ మిగిలినది సుమారు 30 మీటర్ల లోతైన గొయ్యి. ప్రక్కనే ఉన్న జలాశయం కట్ట తెగి, నీరు, బురద కలిసి జిప్సం కర్మాగారం మీద పడ్డాయి. ఎక్కడో మొరాకోలోని కాసాబ్లాంకాలో భూకంపమాపకం కూడా దీనిని నమోదు చేసినది. మరణించినవారు 70 మంది వరకు. వారిలో కొందరి శరీరాలు దొరకనే లేదు. సైనికులు, స్థానిక కార్మికులు, పొలం పనివారు, అక్కడ కూలికి పెట్టిన ఇటాలియన్ యుద్ధఖైదీలు, అందరూ ఉన్నారు.

శత్రువు విమానం ఒక్కటి కూడా అటు రాలేదు. విచారణలో తేలిన కారణాన్ని ప్రజలకు తెలియజేసినది ముప్పై సంవత్సరాల తరువాత, 1974లో. వాడని బాంబులు కొన్ని తిరిగి వచ్చాయి. వాటిలో డిటోనేటరును విప్పవలసి ఉన్నది. ఆ పనికి నిబంధన ప్రకారం చెక్క పనిముట్టు వాడాలి. ఒక కార్మికుడు ఇత్తడి ఉలి వాడినట్లు సాక్ష్యం. బహుశా అదే కారణమని నిర్ణయించారు.

'ఇత్తడి' అన్న చోట మన మెయింటెనెన్సు మిత్రులు ఆగుతారని నాకు తెలుసు. నిప్పురవ్వ పుట్టరాని చోట ఉక్కుకు బదులు ఇత్తడి, కంచు పనిముట్లు వాడటం మనకు అలవాటే కదా! నిజమే. ఆ కార్మికుడు కూడా అలాగే అనుకొని ఉండవచ్చును. కాని డిటోనేటరుకు రవ్వే అక్కరలేదు. దెబ్బ చాలు, ఒరిపిడి చాలు. ఆవిరి, వాయువుల దగ్గర పనికివచ్చే జాగ్రత్త మరొక పదార్థం దగ్గర జాగ్రత్తే కాదు. చెక్క వాడమన్న నిబంధనకు కారణం వ్రాసి ఉండకపోతే, తెలివైనవాడే దానిని సవరించుకొంటాడు. బండరాతి నడుమ వేల టన్నులు దాచి శత్రువు నుంచి కాపాడారు. లోపల బల్ల దగ్గర నిలబడ్డవాడి చేతిలో ఏ పనిముట్టు ఉన్నదో ఆ పూట చూసినవారు లేరు.

ఇది తెలిసిన తరువాత డిపో నమూనాలో బాంబులను వరుసగా పేర్చి ఊరుకొనటం నాకు సరిపడలేదు. షంటింగులో కూడా డిపో నియమం ఒకటి ఉండాలనిపించినది. ఇంగిల్‌నుక్ ఆట ఇలా ఉంటుంది. ఎనిమిది వ్యాగన్లకు ఎనిమిది చీట్లు. అందులో ఐదు చీట్లు తీసి, ఆ వరుసలోనే ఐదు వ్యాగన్లను పెద్ద సైడింగులో నిలపాలి. ఎనిమిదిలో ఐదింటిని వరుసగా పేర్చే విధాలు 8×7×6×5×4, అనగా 6,720. నేను వ్యాగన్లకు రంగులు వేశాను: నాలుగు పచ్చవి బాంబులకు, రెండు ఎర్రవి డిటోనేటర్లకు, రెండు బూడిదరంగువి ఖాళీవి. ఎరుపు, పచ్చ ప్రక్కప్రక్కన రాకూడదు. మధ్య ఖాళీ వ్యాగను ఉండాలి. ఇది నా కల్పన గాని, ప్రేలుడు పదార్థాల వ్యాగన్లను వేటి ప్రక్కన ఉంచాలి, ఇంజనుకు ఎంత దూరంలో ఉంచాలి అన్న నిబంధనలు మన రైల్వేలకూ ఉన్నాయి. రెడ్ టారిఫ్ అన్న పేరు రవాణా విభాగంవారు ఎరుగుదురు. ఈ ఒక్క నియమం పెట్టగానే 6,720 వరుసలలో చెల్లుబాటు అయ్యేవి 1,584 మాత్రమే మిగులుతాయి. నాలుగింట ఒక వంతు కూడా కాదు. గణితాభిరుచి గల పాఠకులు కాగితం తీసుకొని సరిచూడవచ్చును. ఖాళీ వ్యాగన్ల సంఖ్యను బట్టి విడదీస్తే తేలికగా వస్తుంది.

ఆటలో అంతిమ వరుసకే గాక, మధ్యలో ఏ పట్టామీదనైనా, ఏ క్షణంలోనైనా ఈ నియమం వర్తిస్తుంది. ఖాళీలు రెండే కనుక ప్రతి కదలికకూ అవి ఎక్కడున్నాయో వెతుక్కోవలసి వస్తుంది. క్రింది వాటాలోని పిల్లలు ఇద్దరు ఆదివారాలు వచ్చి ఆడుతుంటారు. నియమం లేకుండా ఆడితే ఆరేడు నిమిషాలలో ముగిస్తారు. నియమంతో పావుగంట పడుతుంది. మొదటి రోజున పెద్దవాడు విసిగి, "అంకుల్, ఒక్కసారికి ప్రక్కప్రక్కన పెట్టి వెంటనే తీసేస్తాను, ఇవి నిజం బాంబులు కావు కదా!" అన్నాడు. ఫాల్డ్ సంగతి చెప్పాను. చిన్నవాడు వెంటనే అడిగినది ఇది: "చెక్క ముక్కతో తీస్తే ఎంతసేపు పట్టేది?" నా దగ్గర జవాబు లేదు. యుద్ధకాలంలో బాంబులు త్వరగా కావలసిన రోజులు అవి. ఉలితో తీస్తే మిగిలేది ఏ ఐదు నిమిషాలో అయి ఉంటుంది. పిల్లలిద్దరూ కలిసి తామే ఒక శిక్ష నిర్ణయించుకొన్నారు. ఎరుపు, పచ్చ తగిలితే ఎనిమిది వ్యాగన్లనూ బల్లమీద నుంచి తీసివేసి, చీట్లు మరల కలపాలి. నేను పెట్టదలచినదానికంటే కఠినమైన శిక్షే. మార్చలేదు.

కోసి చూపిన గదులలో ఒకదానిని పనిగదిగా ఉంచాను. అందులో 2 సెంటీమీటర్ల బల్ల, ప్రక్కన మనిషి బొమ్మ, బల్లమీద అగ్గిపుల్ల నుంచి చీల్చిన ఒక ముక్క. భూతద్దం లేనిదే అది పనిముట్టని తెలియదు.

విద్యుత్తు సంగతి క్లుప్తంగా. పట్టాలకు 12 వోల్టుల డి.సి., నాబ్ త్రిప్పే సాధారణ కంట్రోలరు. ఇంజనుకు ఎన్-గేజి యంత్రం మీద ప్లాస్టిక్ షీటుతో చేసిన డీజిల్ ఇంజను పైభాగం. అటువంటి డిపోలలో ఫ్లేమ్‌ప్రూఫ్ డీజిల్ ఇంజన్లు వాడేవారు కనుక పొగగొట్టం, ఆవిరి అక్కరలేదు, పని సులువు. గదులలో పసుపు ఎల్.ఇ.డి.లు, ఒక్కొక్కదానికి 1 కిలో ఓమ్ రెసిస్టరు. సుమారు 10 మిల్లీ ఆంపియర్లు పారుతుంది. అంతకంటే వెలుతురు ఉంటే గుహ గుహలా కనపడదు. సముద్రపు గాలి తగిలే ఊళ్ళలో ఉక్కు పట్టాలు కొనవద్దు. నికెల్ సిల్వర్ పట్టాలనే తీసుకొని, వారానికి ఒకసారి ఐసోప్రొపైల్ ఆల్కహాల్ తడిపిన గుడ్డతో తుడవాలి. వానాకాలంలో అయితే నడిపే ముందు ప్రతిసారీ తుడవాలి. గడియారపు చక్రాలు, చిన్న స్ప్రింగులు, పాత బొమ్మల ఇరుసులు ఇక్కడి మహాత్మాగాంధీ రోడ్డు ఆదివారపు సంతలో దొరికాయి. మీ ఊరిలో కూడా అటువంటి చోటు తప్పక ఉంటుంది. పెద్ద నమూనాలు చూడాలన్న కోరిక గలవారు పుణె వెళ్ళినప్పుడు 1998లో ప్రారంభమైన జోషీగారి సూక్ష్మ రైల్వేల ప్రదర్శనశాలను చూడవచ్చును.

పట్టాల అమరిక, చట్రం కొలతలు, 1,584 లెక్క మూడూ కలిపి ఒకే కాగితంమీద గీసి ఉంచాను. కావలసినవారు తమ విభాగం పేరు, ఇంటర్‌కం నంబరు తెలుపుతూ సంపాదకులకు ఒక చీటీ వ్రాస్తే జిరాక్సు ప్రతి పంపగలను. వచ్చే సంచికలో పాయింట్లను బల్లక్రింద నుంచి సైకిలు పుల్లతో త్రిప్పే ఏర్పాటును గురించి వ్రాస్తాను.